రాయబారి గారు మూసిన గేటు

మా ఎదురింటి పెద్దాయన ఒకప్పుడు రాయబారిగా పనిచేశారని నాకు తెలిసేసరికి మేము ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆ వీధికి వచ్చి ఆరేళ్ళు దాటింది. ఆరేళ్ళూ ఆయన్ను చూస్తూనే ఉన్నాను. చెత్త బిన్లు తీసుకెళ్ళే రోజున మేమంతా నైట్‌డ్రెస్సుల మీద కోట్లు కప్పుకుని బయటికొస్తే, ఆయన మాత్రం టై కట్టుకుని బిన్ లాక్కుంటూ వచ్చేవారు. హలో అంటే తల పక్కకు తిప్పి ఓరగా చూసేవారు. గర్వం కాబోలనుకుని నేనూ ముక్తసరిగానే ఉండేదాన్ని. ఆయన చూపులో మధ్యభాగం పోయి అంచులు మాత్రమే మిగిలాయనీ, ఎదుటి మనిషి ముఖం కనపడాలంటే అలా పక్కకు తిరగాల్సిందేననీ తర్వాత తెలిసింది. నేను పనిచేసేది జీపీ సర్జరీ అనే డాక్టర్ల క్లినిక్ రిసెప్షన్‌లో. అలాంటివాళ్ళను రోజూ చూస్తాను. అయినా ఎదురింటి మనిషి జబ్బు గుర్తుపట్టలేకపోయాను.

మా అమ్మాయి వల్ల ఆ గడప తొక్కాను. అది మన పదో తరగతి లాంటి జీసీఎస్ఈలో స్పానిష్ తీసుకుంది. రాయడం బాగానే వచ్చు, మాట్లాడే పరీక్షంటేనే వణుకు. ఎదురింటాయన ఫోన్లో స్పానిష్ మాట్లాడుతుంటే విన్నానని తనే చెప్పింది. ఒక శనివారం మధ్యాహ్నం డబ్బాలో పులిహోర పెట్టుకుని ఇద్దరం వెళ్ళి బెల్లు కొట్టాం.

ఆయన మూత తీసి వాసన చూశారు. “ఇండియాలో మీది ఏ ఊరు?” అన్నారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. నేను తెలుగులో రాస్తున్నాను.

“దక్షిణాన, ఆంధ్రా అని... మీకు తెలియదులెండి సర్. గుంటూరు.”

“గుంటూరా? అక్కడ నేను రెండు రోజులు ఆపకుండా తుమ్మాను.”

ఆయనది మెక్సికో అట. ఢిల్లీలో వాళ్ళ ఎంబసీలో మూడేళ్ళు పనిచేశారట. తమ దేశంలో పుట్టిన మిరపకాయ ఓడలెక్కి మన దాకా ఎలా వచ్చిందో తెలుసుకోవాలన్న పిచ్చి ఆయనకు. అందుకోసం సెలవు పెట్టి మరీ మా మిర్చి యార్డుకు వచ్చారు. ముక్కుకు రుమాలు కట్టుకుని బస్తాల మధ్య నిలబడితే కూలీలు నవ్వి, మజ్జిగ తెచ్చి ఇచ్చారట.

“టమాటా అన్న మాట మాది. సపోటా అన్న మాట కూడా మాదే. మా పాత భాషలోవి,” అన్నారు.

నలభై ఏళ్ళుగా సపోటాలు తింటూ అది మన పండే అనుకున్నదాన్ని. అలాగే చూస్తుండిపోయాను. మా అమ్మాయి మోచేత్తో పొడిచి, “మమ్, క్లోజ్ యువర్ మౌత్,” అంది.

ఆ నెలలోనే ఒప్పందం కుదిరింది. శనివారాలు ఆయన మా అమ్మాయితో గంటసేపు స్పానిష్ మాట్లాడాలి. వారానికి రెండు మధ్యాహ్నాలు, సర్జరీలో నా షిఫ్టు అయ్యాక, ఆయన చెబుతుంటే నేను టైపు చేయాలి. ఆయన తన జీవితం రాసుకుంటున్నారు, అదీ ఇంగ్లీషులో. భార్య ఇక్కడి ఆవిడ, మేము ఆ వీధికి రాకముందే పోయింది. మనవలకు స్పానిష్ రాదు. “నా భాషలో రాస్తే నా ఇంట్లో వాళ్ళే చదవలేరు,” అని నవ్వారు.

పుస్తకాల బీరువా అంచు పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పేవారు. కామాలు, ఫుల్‌స్టాప్‌లు కూడా పైకి చెప్పేవారు. వాళ్ళ నాన్న ఎడారి అంచున ఒక చిన్న రైల్వే స్టేషన్లో టెలిగ్రాఫ్ ఉద్యోగి. వాళ్ళమ్మ బట్టలు కుట్టేది. స్కాలర్‌షిప్ మీద రాజధానికి వెళ్ళి చదువుకున్నారు, పరీక్ష రాసి విదేశాంగ శాఖలో చేరారు. రెండు దేశాల్లో రాయబారిగా చేశారు. నలభై ఐదేళ్ళ వయసులో అన్నీ వదిలేసి మళ్ళీ విద్యార్థిగా చేరి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ తర్వాత ఇక్కడ యూనివర్సిటీలో పాఠాలు. ఎండాకాలం సెలవులన్నీ పాత ఓడల కాగితాల మధ్యే.

ఒకరోజు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఓడ జాబితా నకలు చూపించారు. అందులో ఒక వంటవాడి పేరు ఉంది. దారిలోనే పోయాడు. అతనిది ఏ ఊరో, వెనక ఎవరున్నారో కనుక్కోవడానికి ఆయనకు పదకొండేళ్ళు పట్టిందట. చివరికి అతని భార్య అధికారులకు పెట్టుకున్న అర్జీ దొరికింది. అది చెప్పి, ఆ నకలును మళ్ళీ జాగ్రత్తగా కవర్లో పెట్టారు. ఇంత మంచి మనిషి పక్కన కూర్చునే అదృష్టం ఎలా పట్టిందా అనుకున్నాను.

తర్వాతి అధ్యాయం ఆయన మొదటి పోస్టింగు. దక్షిణ అమెరికాలో ఒక దేశం. పేరు రాయను. ఆయనకు ఇరవై ఏడేళ్ళు, ఎంబసీలో అందరికంటే చిన్న అధికారి. ఒక ఉదయం అక్కడి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. విద్యార్థుల్ని, యూనియన్ వాళ్ళని, పంతుళ్ళని ఇళ్ళలోంచి లాక్కుపోతున్నారు. ఎంబసీ లోపలికి వస్తే సైనికులు ముట్టుకోకూడదు. అందుకని జనం గోడలు దూకి, గేట్లు తోసుకుని వచ్చారు. విందులు జరిగే హాల్లో వందల మంది నేల మీద పడుకున్నారు. స్నానాలకు వంతులు. రాయబారి గారి ఆఫీసు గదిలో ఒకామె ప్రసవించింది. కత్తెర వేడినీళ్ళలో మరిగించి తెచ్చింది ఈయనే. తర్వాత వాళ్ళందరినీ విమానాల్లో మెక్సికోకి పంపారు. ఆ పనికి ఈయనకు ఒక పతకం వచ్చింది. ఇక్కడ ఆయనింటి హాల్లో గాజుపెట్టెలో ఉండేది. దానికి ఫొటో తీసి గుంటూరులో మా అన్నయ్యకు కూడా పంపాను.

ఆ గురువారం ఆయన నడవలేదు. కిటికీ దగ్గర నిలబడి మొదలుపెట్టారు.

“ఐదో రోజు సాయంత్రం గేటు దగ్గర డ్యూటీ నాది, కామా, తాళంచెవి నా చేతిలో ఉంది, ఫుల్‌స్టాప్. వీధి మలుపులో సైనికుల ట్రక్కు తిరిగింది. అప్పుడే ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. ఆమె గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది, కామా, ట్రక్కు ఇంకా వెనక ఉంది, ఫుల్‌స్టాప్. నేను గేటు మూశాను. ఫుల్‌స్టాప్.”

నా వేళ్ళు ఆగిపోయాయి. “సర్, తెరిచారనా?” అన్నాను. తప్పుగా విన్నానేమో అనుకున్నాను.

“మూశాను. తాళం వేశాను. మూయమని నాకెవరూ చెప్పలేదు. మా రాయబారి తెరిచే ఉంచమన్నారు. నాకు భయం వేసింది.”

నేను టైపు చేయడం లేదని ఆయనకు తెలుసు, కీబోర్డు చప్పుడు లేదు కదా. అయినా ఆపలేదు. ఆమె ఊచలు పట్టుకుందట. అరవలేదట. జేబులోంచి చిన్న కాగితం తీసి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి ఈయన కోటు జేబులో దూర్చింది. దాని మీద ఆమె పేరు ఉంది. ఎత్తుకుపోతే కనీసం ఎవరికైనా తెలియాలని ఆ రోజుల్లో చాలామంది అలా పేరు రాసి దగ్గర పెట్టుకునేవారట. తర్వాత ఆమె పక్క సందులోకి పరిగెత్తింది. ట్రక్కు కూడా ఆ సందులోకే తిరిగింది.

“ఆ సాయంత్రం రిపోర్టు రాయాల్సింది కూడా నేనే. ‘ఈ పూట గేటు వద్దకు ఎవరూ రాలేదు’ అని రాశాను. నీకు నచ్చిన ఆ పతకం ఆ రిపోర్టుల్ని చూసి ఇచ్చిందే.”

“తర్వాత ఆమెకేమైందో కనుక్కున్నారా?”

“లేదు.”

కంప్యూటర్ అలాగే వదిలేసి లేచాను. కోటు వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు. వీధి దాటి మా ఇంట్లోకి వచ్చి వంటింట్లో నిలబడిపోయాను.

మా ఆయన విని, “యాభై ఏళ్ళ కిందటి గొడవ. మనకెందుకే? టైపు చేసిచ్చి రా, అంతే,” అన్నారు. ఆయన కారు కంపెనీలో సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఏ విషయమైనా ముగిసిందా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం.

మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని అంతా వింది. “మమ్, హి వాజ్ ట్వంటీ సెవెన్. వాట్ వుడ్ యు హావ్ డన్?” అంది.

“నేను తెరిచేదాన్ని!” అని అరిచాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. మా అమ్మాయి నన్నోసారి చూసి పైకి వెళ్ళిపోయింది.

తర్వాతి మంగళవారం వెళ్ళలేదు. గురువారమూ వెళ్ళలేదు. ఆపై సోమవారం పొద్దున సర్జరీలో ఒక పెద్దాయన రిసెప్షన్ అద్దానికి అవతల నిలబడ్డాడు. అపాయింట్‌మెంట్లు అప్పటికే అయిపోయాయి. “రేపు ఎనిమిదింటికి ఫోన్ చేయండి,” అన్నాను, ఎప్పుడూ అన్నట్టే. ఆయన థాంక్యూ చెప్పి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే బస్‌స్టాప్ దాకా వెళ్ళడానికి రెండుసార్లు ఆగాడు. అది చూసి నేనేదో మారిపోయానని చెప్పను. కానీ మర్నాడు మళ్ళీ ఎదురింటి బెల్లు కొట్టాను.

ఆయన టై కట్టుకునే ఉన్నారు. నేను రాని రెండుసార్లు కూడా కట్టుకునే కూర్చున్నారని తర్వాత ఆయనింటికి వచ్చే పనమ్మాయి చెప్పింది.

“సర్, ఆ కాగితం ఉందా?” అన్నాను.

పర్సులోంచి తీశారు. మడతల దగ్గర పీలికలైపోయి, అక్షరాలు వెలిసిపోయాయి. చూడకుండానే పేరు అక్షరం అక్షరం చెప్పారు. నేను అక్కడే సోఫాలో కూర్చుని ఫోన్లో వెతికాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఒక కమ్యూనిటీ సెంటర్ పేజీలో ఫొటో ఉంది. ఆ దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ కలయిక. రెండో వరసలో తెల్లజుట్టు, పొట్టి మనిషి. కింద అదే పేరు. ఊరు లీడ్స్.

“బతికే ఉంది సర్. లీడ్స్‌లో ఉంది.”

“ఏ లీడ్స్?” అన్నారు, ప్రపంచంలో ఇంకేదో లీడ్స్ ఉన్నట్టు.

“మన లీడ్సే. కార్లో రెండు గంటలు.”

ఆయన పక్కనున్న కుర్చీ తడుముకుని కూర్చున్నారు. లెక్చర్లు ఇవ్వడానికి లీడ్స్‌కి తొమ్మిది సార్లు వెళ్ళారట. తొమ్మిది సార్లూ ఆమె ఆ ఊళ్ళోనే ఉంది.

నాకు ఉక్రోషం ఆగలేదు. “ఎప్పుడో చచ్చిపోయిన వంటవాడి కోసం పదకొండేళ్ళు వెతికారు కదా సర్. ఈమె కోసం ఒక్క పూట వెతకలేకపోయారా?”

“వంటవాడు నన్నేమీ అడగడు,” అన్నారు.

గేటు మూసిన సంగతికంటే నన్ను ఎక్కువ కుదిపింది ఈ మాటే. పుస్తకాల గోడల మధ్య, చనిపోయినవాళ్ళ మధ్య ఆయన అంత హాయిగా ఎందుకు ఉండగలిగారో అప్పుడు అర్థమైంది.

కమ్యూనిటీ సెంటర్ ద్వారా ఆమెకు ఉత్తరం పంపాం, కింద నా ఫోన్ నంబరు రాసి. ఏడు రకాలుగా చెప్పి, అన్నీ కొట్టేయించి, చివరికి మూడు వాక్యాలు మిగిల్చారు. పన్నెండు రోజులకు నా ఫోన్ మోగింది. “ఆదివారం పన్నెండున్నరకు తీసుకురా, లవ్. బూట్లు గుమ్మంలో విప్పాలి. కార్పెట్ కొత్తది,” అంది ఒక గొంతు. అచ్చం లీడ్స్ వైపు యార్క్‌షైర్ యాస, అక్కడ ఎవరినైనా ‘లవ్’ అనే పిలుస్తారు. ఆమే అని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది.

ఆ ఆదివారం నేనే కారు నడిపాను. మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుంది. ఆయన దారంతా పెదవులు కదుపుతూ ఉన్నారు, పాఠం అప్పజెప్పబోయే పిల్లాడిలా.

వరసగా అతుక్కున్న ఇటుక ఇళ్ళలో ఒకటి. ఆమె నా భుజం దాకా ఉంటుందేమో. అల్లిన స్వెట్టరు, మెడలో గొలుసుకు కళ్ళద్దాలు. నేను అలవాటుగా “నమస్తే ఆంటీ” అన్నాను. ఆమె నవ్వి తనూ చేతులు జోడించింది. కూరగాయల సూప్ గిన్నెల్లో పోసి బల్ల మీద పెట్టి ఉంది.

ఆయన కూర్చోలేదు. మేజోళ్ళతో ఆ కొత్త కార్పెట్ మీద నిలబడి, స్పానిష్‌లో మొత్తం చెప్పారు. బొటనవేలి దగ్గర మేజోడుకు చిల్లు. మా అమ్మాయి తల వంచుకుని వింటోంది. ఆమె మాత్రం రేడియో వార్తలు వింటున్నట్టు కదలకుండా కూర్చుంది. ఆయన కాగితం తీసి బల్ల మీద పెట్టారు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. “చేతిరాత నాదే,” అంది ఇంగ్లీషులో, నాకూ అర్థం కావాలని. “కానీ నాకు గుర్తులేదు. ఆ రోజు నేను మూడు ఎంబసీలకు పరిగెత్తాను. మూడింటి గేట్లూ మూసే ఉన్నాయి. అందులో మీది ఏదో తెలియదు. మీ ముఖం నాకు గుర్తులేదు.”

“నేను... ఆ గేటు దగ్గర...” అన్నారాయన.

“ఎవరో ఒకరు ఉండి ఉంటారు. ఆ రాత్రి పట్టుకున్నారు. పద్నాలుగు నెలలు లోపల ఉన్నాను. దాని గురించి మాట్లాడను. తర్వాత ఇక్కడికి విమానం ఎక్కించారు. ముప్పై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పాను. సూప్ చల్లారిపోతోంది.”

ఆయన కూర్చున్నారు. స్పూను నోటిదాకా రాకముందే సూప్ టై మీద పడింది. ఆమె లేచి తడిబట్ట తెచ్చి ఇచ్చింది. ఒక మనిషి యాభై ఏళ్ళు పర్సులో మోసిన దాన్ని రెండో మనిషి ఎప్పుడో మర్చిపోయిందంటే నా బుర్ర తీసుకోలేకపోయింది.

తిరుగు దారిలో టీ కోసం మోటార్‌వే పక్కన సర్వీసెస్‌లో ఆగాం. కప్పు రెండు చేతులతో పట్టుకుని చెప్పారు. “తిడుతుందనుకున్నాను. క్షమిస్తుందేమో అని కూడా ఆశపడ్డాను. ఈ మూడోది ఒకటి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.”

ఆ వారమే అధ్యాయం పూర్తి చేయించారు. దాని నకలు జతచేసి, తన పాత రిపోర్టు అబద్ధమని, సరిదిద్దమని మెక్సికోలో వాళ్ళ శాఖకు ఉత్తరం రాశారు. పతకం కూడా పంపేశారు. రెండు నెలలకు ‘అందింది, ఫైలులో చేర్చాం’ అని జవాబు వచ్చింది. ఇక ప్రతి సోమవారం లీడ్స్‌కి ఒక ఉత్తరం. సంజాయిషీ కాదు. ఈ వారం ఏం చదివించుకున్నాను, తోటలో ఏం పూసింది, అంతే. ఆమె ఒక్కదానికీ జవాబు రాయలేదు.

ఈ ఫిబ్రవరిలో న్యుమోనియా వచ్చి ఆయన పోయారు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కబురు వచ్చినప్పుడు నేను సర్జరీలో ఫోన్లు ఎత్తుతున్నాను. పొద్దున్నే ఆ గుమ్మం ముందు బిన్ లేకపోవడం చూశాను కానీ, ఇంకో వారం పడుతుందేమో ఇంటికి రావడానికి, అనుకున్నాను.

అంత్యక్రియల్లో చివరి వరసలో ఆమె కూర్చుని ఉంది. చేతికర్ర, నల్లకోటు. లీడ్స్ నుంచి రైల్లో ఒక్కతే వచ్చింది. నేను కబురు చేసిన మాట నిజమే కానీ వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. అయ్యాక టీ దగ్గర నా పక్కకు వచ్చింది.

“ఉత్తరాలు మొదట విసుగ్గా ఉండేవి. పోనుపోను బాగా రాశాడు,” అంది. తర్వాత కప్పు కింద పెట్టి, “ఆ రోజు బూడిదరంగు కోటు వేసుకున్నాడు. పైగుండీ లేదు. కుర్రాడు. చేతులు ఎంత వణికాయంటే తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నాడు. వంగి తీసుకున్నాడు. అంతసేపూ నేను ఊచలు పట్టుకుని నిలబడే ఉన్నాను. అప్పుడు ఒక్క తోపు తోసి ఉంటే తెరుచుకునేది. తోయాలని నాకు తోచలేదు,” అంది.

ఇదేదీ ఆయన నాకు చెప్పలేదు. ఆయనకే గుర్తులేదేమో.

“మరి మేం మీ ఇంటికి వచ్చిన రోజు గుర్తులేదన్నారే, ఆంటీ?”

“ఆయన్ను క్షమించే ఓపిక లేదు, లవ్. తిట్టే ఓపికా లేదు. సూప్ చేసే ఓపిక ఉంది, చేశాను.”

“ఆయనకు చెప్పి ఉంటే బాగుండేది,” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“చెబుదామనే వచ్చే ఈస్టర్‌కి ఇక్కడికి రావడానికి టికెట్ కొనుక్కున్నాను,” అంది. బ్యాగు తెరిచి ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. నేనూ అటు చూడటం మానేశాను.

స్టేషన్లో దింపుతూ, ఇది రాసుకోవచ్చా అని అడిగాను. పేర్లు లేకపోతే సరేనంది. రైలు ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. పుస్తకం తెరిచింది.

ఇంటికి వచ్చి ఆయన అధ్యాయం ఉన్న ఫైలు తెరిచాను. ఆమె చెప్పింది ఎక్కడ చేర్చాలో చాలాసేపు చూశాను. ఆయన మాటల మధ్య ఆయనకు తెలియనిది పెట్టే హక్కు నాకు లేదనిపించింది. ఆ ఫైలు ఉన్నది ఉన్నట్టు ఆయన మనవలకు పంపించేశాను. మిగిలింది ఇక్కడ రాశాను.